వంద ఫ్రేముల గీత: విజయనగరం కేజెడ్ పట్టికలో వచ్చిన తగాదా, దాన్ని తేల్చిన తీరు

కౌంటర్ స్ట్రైక్ 1.6 అనగానే అందరికీ తుపాకులు, బాంబులు గుర్తొస్తాయి. మేం ఆడేది ఆ ఆటే గానీ ఆ రకం కాదు. అందులోనే కేజెడ్ అని ఒక శాఖ ఉంది. శత్రువు ఉండడు, కాల్పులుండవు. మొదట్లో ఒక బటన్, చివర్లో ఒక బటన్, మధ్యలో గోడ అంచులు, పెట్టెలు, నిచ్చెనలు, గాల్లో తేలే దిమ్మలు. మొదటి బటన్ నొక్కితే గడియారం మొదలవుతుంది, చివరిది నొక్కితే ఆగుతుంది. కింద పడితే మళ్ళీ మొదటికి. చెక్‌పాయింట్లు (పడితే అక్కడినుంచే మొదలుపెట్టేలా మధ్యలో గుర్తు పెట్టుకునే చోట్లు) వాడకుండా ఎక్కినదాన్ని ప్రో రన్ అంటాం, దానికే విలువ ఎక్కువ.

విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి, ఆమదాలవలస, పలాస చుట్టుపక్కల ఈ ఆట ఆడేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందికీ ఒక రికార్డుల పట్టిక ఉంది. దాన్ని చూసుకునేది, వచ్చిన డెమో ఫైళ్ళు (ఆడినదాన్ని ఆటే రికార్డు చేసే ఫైళ్ళు) తనిఖీ చేసేది నేను. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊరొస్తారు కాబట్టి ఎదురెదురుగా కూర్చుని ఆడే పోటీ అప్పుడే పెట్టుకుంటాం. మిగతా ఏడాదంతా ఎవరి ఇంట్లో వాళ్ళు ఆడి డెమో పంపుతారు. ఇక్కడ రాస్తున్నది ఆ పట్టికలో వచ్చిన ఒక గొడవ గురించి. ఇలాంటి చిన్న ఆటల పట్టికలు నడిపేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాను.

గొడవ ఎక్కడ మొదలైంది

రాజాం నుంచి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం మా జిల్లాలోకి వచ్చింది, అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లా.) మంచి చెయ్యి. మౌస్ తిప్పడంలో తొందర లేదు, దూకేముందు అంచు దాకా వెళ్ళే ధైర్యం ఉంది. వచ్చిన కొద్ది రోజుల్లోనే పట్టికలో చాలా మ్యాపుల్లో పైకెక్కేశాడు. దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఒక మ్యాప్‌లో, మాలో ఎవరూ నేరుగా దాటలేక పక్క గోడ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళే ఒక ఖాళీని ఇతను ఒక్క లాంగ్ జంప్‌లో దాటేశాడు. డెమో చూస్తే ఎక్కడా స్క్రిప్ట్ (కీలు తనంతట తనే నొక్కే ప్రోగ్రాం) లేదు, చీట్ లేదు. చెయ్యి చేసిన పనే.

బొబ్బిలి నుంచి ఆడే ఒకబ్బాయి ఆ డెమోని మెల్లగా నడిపి చూసి, ఫ్రేముల (కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటిగా గీసే బొమ్మల) మధ్య కాలం 5 మిల్లీసెకన్లు ఉందని గమనించాడు. అంటే సెకనుకి 200 ఫ్రేములు. తను ఆడేది 60లో. ఇంకేముంది, గ్రూపులో మాటా మాటా పెరిగింది. రాజాం కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినపడింది. "అన్నియ్యా, నానేటి మోసం సేసినాను? మా నాన్న అప్పు చేసి కొన్న లాప్‌టాప్ అది. మంచి కంప్యూటర్ ఉండడం నా తప్పా?"

న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పేముందు అసలు ఫ్రేముల సంఖ్య ఆటలో దేన్ని మారుస్తుందో తేల్చాలి. బొమ్మ నునుపుగా కనపడటం ఒక్కటే మారేదైతే అతన్ని ఆపే హక్కు మాకు లేదు. దూకే దూరం కూడా మారితే అది వేరే సంగతి.

లెక్క

ఈ ఆటని నడిపే ఇంజిన్‌లో (లోపలి ప్రోగ్రాంలో) ఆటగాడి కదలికని ఫ్రేముకి ఒకసారి లెక్కేస్తారు. ఫ్రేములు పెరిగితే లెక్కలూ పెరుగుతాయి. ముందు ఎత్తు చూద్దాం. దూకినప్పుడు పైకి వేగం సెకనుకి 268 యూనిట్లు (ఆటలో దూరానికి కొలత), గురుత్వం 800. ఇంజిన్ ప్రతి ఫ్రేములోనూ గురుత్వంలో సగం కదలికకి ముందు, సగం తర్వాత కలుపుతుంది. అలా చేయడం వల్ల 60లో దూకినా 200లో దూకినా ఎత్తు దాదాపు ఒకటే, 45 యూనిట్లు. గాల్లో ఉండేది 0.67 సెకను. మావాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోయేవాళ్ళు. పెట్టె మీదకి అందరూ ఒకేలా ఎక్కుతున్నారు కదా, ఫ్రేములతో ఏం తేడా అనేవాళ్ళు.

తేడా అడ్డంగా వెళ్ళే దూరంలో ఉంది. కేజెడ్‌లో గాల్లోకి లేచాక ముందుకి వెళ్ళే కీ వదిలేస్తాం. ఎడమ కీ నొక్కి మౌస్‌ని ఎడమకి, తర్వాత కుడి కీ నొక్కి కుడికి తిప్పుతాం. దీన్నే స్ట్రేఫ్ అంటాం. అలా తిప్పినప్పుడు ప్రతి ఫ్రేములోనూ ఇంజిన్ కొంచెం వేగం కలుపుతుంది. ఎంత కలపాలో చెప్పే సూత్రం సులువైనదే: గాలిలో త్వరణం విలువ 10, దాన్ని నడక వేగం 250తో, ఫ్రేము కాలంతో గుణించాలి. సెకనుకి 100 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకి 25 యూనిట్లు. 200 అయితే 12.5. ఇక్కడిదాకా చూస్తే మొత్తం సమానమే అనిపిస్తుంది, రెండు పన్నెండున్నరలు పాతిక.

కానీ ఇంకో నిబంధన ఉంది. నొక్కిన కీ చూపించే దిశలో వేగం 30 యూనిట్లు దాటితే ఇంజిన్ ఇక ఏమీ కలపదు. 60 ఫ్రేముల్లో ఆడేవాడికి సూత్రం ప్రకారం ఫ్రేముకి సుమారు 40 రావాలి, కానీ 30 దగ్గర ఆగిపోతుంది, మిగతాది గాలికి పోతుంది. 200లో ఆడేవాడికి చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది కాబట్టి ఆ గీతకి దగ్గరగా ఎక్కువసేపు నిలబడి, ఉన్న వేగం దిశకి దగ్గరగా కలుపుకోగలడు. ఫలితం కాగితం మీదే కనపడుతుంది. 250 వేగంతో దూకి, మౌస్ ఒక్క ఫ్రేములో కూడా తప్పకుండా తిప్పాడనుకుందాం. నేల తాకేసరికి 60లో వేగం 316 దగ్గర ఉంటుంది, 100లో 348, 200లో 377. మనిషి చెయ్యి అంత పరిపూర్ణంగా తిరగదు, నిజంలో అంకెలు ఇంతకంటే తక్కువే. కానీ తేడా మాత్రం అటే మొగ్గుతుంది, ఎప్పుడూ అటే.

దీనికి తోడు ఇంకొకటి. ఆటగాడి కంప్యూటర్ ఒక్కో ఫ్రేము ఎంతసేపు పట్టిందో సర్వర్‌కి చెప్పేటప్పుడు మిల్లీసెకన్లలో, పూర్ణసంఖ్యగానే చెబుతుంది. 60 ఫ్రేములంటే ఒక్కోటి 16.67 మిల్లీసెకన్లు. మేం వాడే పాత బిల్డ్‌లో (ఆట పాత వెర్షన్‌లో) ఆ 0.67 కొట్టుకుపోయి 16 అని వెళ్తుంది. అరవై సార్లు పదహారు 960. అంటే గడియారంలో పూర్తి సెకను గడిస్తే ఆటగాడు కదిలింది 0.96 సెకను పాటే. నేల మీద పరిగెత్తినా, నిచ్చెన ఎక్కినా నూటికి నాలుగు వంతులు వెనకబడతాడు. 100 అయితే సరిగ్గా 10 మిల్లీసెకన్లు, 200 అయితే 5, తరుగు లేదు. బొబ్బిలి అబ్బాయికి రెండు వైపులా దెబ్బ పడుతోందని అప్పుడు అర్థమైంది. దూరం తగ్గుతోంది, కాలమూ తరుగుతోంది.

ఇది ఈ ఒక్క ఆట జబ్బు కాదు. 1999లో వచ్చిన క్వేక్ 3 అరీనా అనే ఇంకో ఆటలో ఫ్రేములతో దూకే ఎత్తే మారిపోయేది. అందులో ప్రతి ఫ్రేము చివరా వేగాన్ని పూర్ణసంఖ్యకి సవరిస్తారు. గురుత్వం 800 కాబట్టి సెకనుకి 125 ఫ్రేములు ఉంటే ఒక్కో ఫ్రేముకి 6.4 తగ్గాలి, కానీ 6 మాత్రమే తగ్గుతుంది. గురుత్వం 750 అయినట్టే. అందుకే ఆ ఆటలో అందరూ 125కి అలవాటుపడ్డారు. 333 పెడితే 2.4 కాస్తా 2 అవుతుంది, ఇంకా తేలిక. దానికి అక్కడ మంచి మందు దొరికింది. కదలిక లెక్కని బొమ్మ ఫ్రేములతో సంబంధం లేకుండా అందరికీ 8 మిల్లీసెకన్లకి కట్టిపడేసే సెట్టింగ్ ఇచ్చారు. సర్వర్ నడిపేవాడు అది ఆన్ చేస్తే చాలు, గొడవే లేదు. మా 1.6లో అలాంటి సెట్టింగ్ లేదు. ఇంజిన్‌లో మందు లేనిచోట నిబంధనే మందు కావాలి.

మూడు లాంతర్ల దగ్గర ఒక సాయంత్రం

కాగితం మీద లెక్క చూపిస్తే అందరూ ఒప్పుకోరు. "సార్, లెక్కలు వేరు, చెయ్యి వేరు" అన్నవాళ్ళున్నారు. వాళ్ళన్నదీ నిజమే. లెక్కలో వచ్చే తేడా మనిషి చేతి వణుకులో కలిసిపోయేంత చిన్నదైతే నిబంధన అనవసరం. అందుకని బొబ్బిలి అబ్బాయిని విజయనగరం రమ్మన్నాను. మూడు లాంతర్ల దగ్గర తెలిసినవాళ్ళ ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక కంప్యూటర్ తీసుకున్నాం. అదే మౌస్, అదే 60 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 60 సార్లే బొమ్మ మార్చేది), అదే లాంగ్ జంప్ మ్యాప్, అదే దిమ్మ. మార్చేది ఫ్రేముల గరిష్ఠ పరిమితి ఒక్కటే, అదీ నేను మారుస్తాను, ఎప్పుడు ఎంత పెట్టానో అతనికి తెలియదు. స్క్రీన్ మీద ఫ్రేముల సంఖ్య కనపడకుండా తీసేశాం. మానిటర్ 60 దగ్గరే ఉండటం వల్ల 100కీ 200కీ కంటికి పెద్ద తేడా తెలియదు, అది మాకు కలిసొచ్చింది.

100లో అతను ఆ దిమ్మ అంచుని కాలితో తాకి తాకి జారిపోతున్నాడు. మళ్ళీ మళ్ళీ అదే చోట, వెంట్రుకవాసిలో. కొంతసేపటికి టీ తాగుదామని బయటికి పంపి 200 చేశాను. వచ్చి కూర్చుని మొదట్లో రెండు మూడు సార్లు తడబడ్డాడు. తర్వాత దిమ్మ మీద నిలబడ్డాడు. మళ్ళీ నిలబడ్డాడు. మౌస్ వదిలేసి వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

"ఎంతెట్టావు అన్నియ్యా?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్ళూ నా చెయ్యే బాగోలేదనుకున్నాను" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. ఓడిపోయినవాడు తన లోపాన్ని దిద్దుకుంటాడు, అది ఆట ఇచ్చే వరం. కానీ లేని లోపాన్ని దిద్దుకోవడానికి ఒక పిల్లాడు ఏళ్ళ తరబడి కుస్తీ పడితే ఆ పట్టిక అతనికి అబద్ధం చెప్పినట్టు. నిబంధన కావాలా వద్దా అన్న సందేహం నాకు అక్కడితో తీరిపోయింది.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి బయటపడింది. అతని ఇంట్లో కంప్యూటర్ పాతది కాబట్టి 60 దాటదని అందరం అనుకుంటున్నాం. కానీ కౌంటర్ స్ట్రైక్ 1.6 2003లో వచ్చిన ఆట, అప్పటి ఇంజిన్. ఈ రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో దొరికే మామూలు ఆఫీసు కంప్యూటర్ కూడా దాన్ని 100 దగ్గర నడిపేస్తుంది. మరి 60 ఎందుకొస్తోంది? గ్రాఫిక్స్ డ్రైవర్‌లో విసింక్ ఆన్ అయి ఉంది. మానిటర్ 60 హెర్ట్జ్ అయితే విసింక్ ఫ్రేములని అక్కడే కట్టేస్తుంది. రాత్రికి ఇంటికెళ్ళి అది ఆఫ్ చేయగానే 100 వచ్చింది. జరుగుతున్న అన్యాయంలో సగం డబ్బు తేడా కాదు, ఒక టిక్కు మార్కు. తర్వాత అడిగి చూస్తే అదే పరిస్థితిలో ఇంకా కొందరున్నారు.

ఎన్ని దారులు, ఏది ఎందుకు వద్దన్నాం

మొదట వచ్చిన సలహా అందరూ ఒకే సెంటర్‌లో, ఒకే కంప్యూటర్ మీద ఆడాలని. వినడానికి బాగుంది. కానీ పలాస నుంచి ఒక కుర్రాడు రికార్డు కోసం రైలెక్కి రావాలా? ఈ ఆటలో మంచి రన్ ఎప్పుడో అర్ధరాత్రి, ఎన్నో సార్లు పడి లేచాక వస్తుంది. అది పోటీ రోజుకి పనికొస్తుంది గానీ ఏడాది పొడుగునా నడిచే పట్టికకి పనికిరాదు.

రెండోది, 60కి ఒక పట్టిక, 100కి ఒకటి, పైన ఎంతైనా ఒకటి. దీన్ని గట్టిగా పట్టుబట్టిన ఒక మిత్రుడు వెయిట్‌లిఫ్టింగ్ ఉదాహరణ తెచ్చాడు. మా జిల్లాలో ఆ మాటకి బరువెక్కువ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లుంటారని పేరు, పక్క శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. "అక్కడ శరీర బరువుని బట్టి విభాగాలుంటాయి కదా, ఇక్కడ కంప్యూటర్‌ని బట్టి పెడదాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అక్కడ విభాగాలు మనుషులకి. ఎత్తే ఇనుముకి కాదు. మగవాళ్ళ పోటీలో బారు (బరువులు తగిలించే కడ్డీ) 20 కిలోలు, ఆడవాళ్ళ పోటీలో 15, ఆ పోటీలో దిగిన ప్రతి ఒక్కరికీ అదే బరువు. మా ఆటలో ఫ్రేము కాలం అనేది బారు లాంటిది, ఆటగాడి ఒంటి బరువు లాంటిది కాదు. పైగా పట్టుమని పాతికమంది కూడా లేని చోట మూడు పట్టికలు పెడితే ఒక్కో దాంట్లో పోటీ పడటానికి మనిషి దొరకడు.

లెక్క కట్టి 200లో వచ్చిన టైముకి కొన్ని సెకన్లు కలుపుదామన్న సలహా కూడా వచ్చింది. మ్యాప్ మ్యాప్‌కీ దూకుళ్ళు వేరు, నిచ్చెనలు వేరు. సెకన్లు కలపడమంటే ఆడని ఆటకి మార్కులేసినట్టు. దాని మీద ఎక్కువసేపు మాట్లాడలేదు.

చివరికి 100 దగ్గర గీత గీశాం. 10 మిల్లీసెకన్లు పూర్ణసంఖ్య కాబట్టి గడియారంలో తరుగు రాదు. పాత కంప్యూటర్ కూడా అందుకోగలదు. పైగా కేజెడ్‌లో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి అదే కాబట్టి మావాడి టైముని బయటివాళ్ళ టైముతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. 60 పెడితే కొందరికి సులువయ్యేది, కానీ ఆ 16.67 తరుగుని మేమే చట్టం చేసినట్టయ్యేది. ఇంజిన్ కూడా మామూలుగా 100 దగ్గరే ఆగుతుంది. దాన్ని దాటాలంటే పాత బిల్డుల్లో డెవలపర్ మోడ్, కొత్త వాటిలో ఎఫ్‌పీఎస్ ఓవర్‌రైడ్ అనే కమాండ్ ఆన్ చేయాలి. రాజాం కుర్రాడు ఏదో వీడియో చూసి, ఆట నునుపుగా ఉంటుందని అది ఆన్ చేశాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, అప్పటికి మా నిబంధనల్లో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఈ సంగతి గ్రూపులో అందరి ముందూ, అతని పేరు మీద ఉన్న అనుమానం పోయేలా రాశాను. నిబంధన లేనప్పుడు ఆడినవాణ్ని దొంగ అనకూడదు.

మానిటర్ విషయంలో మాత్రం ఏ కట్టుబాటూ పెట్టలేదు. 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడికి బొమ్మ కొంచెం ముందుగా, నునుపుగా కనపడుతుంది. అది అతని కంటికి, చేతికి దొరికే సౌకర్యం. మంచి మౌస్, మంచి కుర్చీ కూడా అంతే. ఆటలోని మనిషి ఎంత దూరం దూకగలడన్నది మాత్రం వాటితో మారకూడదు. ఈ గీత ఒకటి మనసులో పెట్టుకుంటే తర్వాత వచ్చే ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి. ఉదాహరణకి ఎడమ కీ వదలకుండానే కుడి కీ నొక్కితే ఎడమని తనంతట తనే వదిలేసే కీబోర్డులొచ్చాయి. అవి కంటికి సౌకర్యం కాదు, వేలు చేయాల్సిన పని తామే చేసేస్తాయి. 2024 ఆగస్టులో ఈ ఆట కంపెనీ వాల్వ్ తన కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో వాటిని వద్దంది. మేమూ వద్దన్నాం.

తనిఖీ, పాత రికార్డులు

నిబంధన రాయడం ఒక గంట పని. అమలే అసలు పని. ఇప్పుడు పట్టికలోకి వెళ్ళాలంటే డెమో తప్పనిసరి. డెమోలో ప్రతి ఫ్రేము కాలం నమోదై ఉంటుంది, కాబట్టి ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. అక్కడక్కడా ఒక ఫ్రేము 9 పడటం సహజం, విండోస్ గడియారం అంత ఖచ్చితంగా ఉండదు. దాన్ని పట్టుకుని ఎవరినీ వేధించం. గాల్లో ఉన్నంతసేపూ వరసగా 9 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే ఆ రన్ లెక్కలోకి రాదు. కొట్టేసినప్పుడు ఏ జంప్ దగ్గర, ఏ ఫ్రేములు అని చూపించి మరీ కొట్టేస్తాం. "అడ్మిన్ నిర్ణయమే అంతిమం" అనే వాక్యం నిబంధనల్లోంచి తీసేశాను. చూపించలేని తప్పుకి శిక్ష వేయకూడదని నా గట్టి నమ్మకం.

పాత రికార్డులు చెరిపేయమని కొందరన్నారు. చెరపలేదు. వాటిని పక్కన వేరే గడిలో, ఎన్ని ఫ్రేముల్లో ఆడారో తెలిసినచోట ఆ అంకెతో సహా ఉంచాం. రాజాం కుర్రాడి ఆ పెద్ద జంప్ కూడా అక్కడే ఉంది, 200 అని పక్కన రాసి. తర్వాత అతను 100 పెట్టుకుని అవే మ్యాపులు మళ్ళీ ఆడాడు. కొన్నిటిలో కిందికి జారాడు, రెండు మూడిటిలో ఇప్పటికీ అతనే మొదటివాడు. ఆ ఖాళీని 100లో ఇంతవరకూ ఎవరూ నేరుగా దాటలేదు. బొబ్బిలి అబ్బాయి విసింక్ తీసేశాక చాలా టైములు తగ్గించుకున్నాడు. ఇద్దరూ ఇప్పుడు ఒకరి డెమోలు ఒకరు అడిగి చూసుకుంటున్నారు.

తేలనిది ఒకటి మిగిలింది. రన్ మధ్యలో కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీదకి మారుతుంది. కొన్ని గేమింగ్ లాప్‌టాప్‌లలో ఛార్జర్ పవర్ ఆగగానే డ్రైవర్ ఫ్రేములని 30కి దింపేస్తుంది. అలా పడిపోతే నష్టం ఆ ఆటగాడికే కాబట్టి, ఇంట్లో ఆడిన రన్ అయితే ఉన్నది ఉన్నట్టే తీసుకుంటున్నాం, కావాలంటే మళ్ళీ ఆడుకోవచ్చు. కానీ ముఖాముఖి ఫైనల్‌లో అలా జరిగితే ఇంకో అవకాశం ఇవ్వాలా? నేను ఇవ్వాలంటున్నాను. ఎదుటివాడు అప్పటికే తన రన్ పూర్తి చేసి, టెన్షన్‌తో కూర్చుని ఉంటాడు కదా, అతనికది అన్యాయం అని చీపురుపల్లి వాళ్ళు అంటున్నారు. ప్రస్తుతానికి ఫైనల్ కంప్యూటర్లు రెండూ యూపీఎస్ ఉన్న డెస్క్‌టాప్‌లే కావాలని రాసుకున్నాం, రెండో అవకాశం మాట మీద ఇంకా ఓటు పెట్టలేదు.